కత్తి కింద ఊకొట్టినవాళ్ళు

ఆ ఎండాకాలం మా మనవరాలు నన్ను ముప్పై ఎనిమిది నిమిషాలకు కుదించింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని అంతలో సర్దడమే గొప్ప అనుకుంటే, కాలేజీలో వాళ్ళ మేడమ్ చూసి, ఈయన ఇంకా చాలా ఎక్కువగా ఉన్నాడు, పదిహేను నిమిషాలు దాటడానికి వీల్లేదు అందట.

నాది సెలూన్. యాభై రెండేళ్ళు కత్తెర ఆడించాను. తర్వాత నా చేతి కింద భూమి వణకడం మొదలైంది. వణికేది భూమి కాదని డాక్టరు తేల్చాక కుర్చీ మా అబ్బాయికి అప్పగించి, గోడవార బల్ల మీదకు మారాను. పని మారింది గానీ నోరు మారలేదు. వీధిలో నన్ను కోతల తాత అంటారు. ఆ పేరు జుట్టు కోతల వల్ల వచ్చిందని నేనంటాను. మా ఆవిడ నవ్వుతుంది.

మనవరాలు సినిమాలు తీయడం చదువుతోంది. కిందటేడు అది తీసిన సినిమాలో ఇరవై నిమిషాలపాటు చూరు నీళ్ళు బకెట్లో పడ్డాయి. బకెట్టు బాగా నటించిందని నేను మెచ్చుకున్నాను. కాలేజీవాళ్ళు మాత్రం తిప్పి పంపారు. ఈ ఏడు కూడా తిప్పి పంపితే చదువు అంతటితో సరి. మా అబ్బాయి అప్పుడే రెండు కొట్ల అవతలున్న కంటి డాక్టరుతో మాట్లాడి ఉంచాడు. వచ్చిన రోగులకు చీటీలు రాసే పని, వానలు పడగానే చేరాలి. వాడు చెడ్డవాడేం కాదు. ఏ తండ్రి అయినా ఒక బకెట్టును అంతకన్నా ఎక్కువసేపు చూడలేడు.

ఈసారి బకెట్టు స్థానంలో నన్ను పెట్టింది. పొద్దున్నే వీధి మేలుకోవడం, కొట్టు తెరవడం, కత్తి సానపట్టడం, అద్దం తుడవడం, మా ఆవిడ పెరట్లో తువ్వాళ్ళు ఆరేయడం, మధ్యలో ఏడు నిమిషాల పాటు నేను చెప్పే సింహం కథ. ఆ కథ మీకూ చెప్పాలి, లేకపోతే మిగతాది తెలియదు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళోకి సర్కసు వచ్చింది. వాళ్ళ సింహానికి జూలు జడలు కట్టేసింది. దువ్వబోయిన ఆరుగురిలో ముగ్గురు ఉద్యోగం మానేశారు, మిగతా ముగ్గురు ఊరే మానేశారు. నేను బోనులోకి వెళ్ళి, తల కాస్త దించు నాయనా అన్నాను. దించింది. మూడు తపేలాల నురగ పట్టింది. అయ్యాక అద్దం చూపిస్తే సింహం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ జూలుతో రెండు పరుపులు కుట్టారు. వాటిలో ఒకదాని మీద పడుకున్నవాడు జన్మలో ఎవరికీ భయపడలేదు, భార్యకు తప్ప. రెండో పరుపు సంగతి నాకు తెలియదు, తెలియనిది నేను చెప్పను.

మేడమ్ పెట్టిన షరతు ఒకటుంది. ముక్కలన్నీ అతికించిన ఈ మొదటి కూర్పును నలుగురికీ చూపించాలి. వాళ్ళేమన్నారో రాయించుకోవాలి. దాన్ని బట్టి దిద్ది నెలాఖరుకు తేవాలి. మనవరాలు చీటీలు అచ్చు వేయించింది. ఎక్కడ విసుగేసింది, ఎక్కడ అర్థం కాలేదు, ఏది గుర్తుండిపోయింది అని మూడు ప్రశ్నలు.

మొదటి ఆట మా కొట్లోనే. మధ్యాహ్నం షట్టరు సగం దించి, వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టి దాని మీద బొమ్మ వేసింది. మా పాత ఖాతాదార్లు ఎనిమిది మంది వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, అలవాటు కొద్దీ, కుర్చీల్లో అద్దం వైపు తిరిగి కూర్చున్నారు. సినిమా మొత్తం అద్దంలో చూశారు. దీపాలు వేసేదాకా ఆ సంగతి నేను గాని మనవరాలు గాని గమనించలేదు.

చీటీలు విప్పితే ఏడింట్లో 'బాగుంది' అని ఉంది. ఎదురు కొట్టు టైలరు మాత్రం రెండు వైపులా రాశాడు. సినిమాలో కొట్టు బోర్డు మీద అక్షరాలు తిరగేసి ఉన్నాయనీ, ముసలాయన ఎడం చేత్తో గెడ్డం గీస్తున్నాడనీ, లోకం తలకిందులైందని దర్శకురాలు సూచించిన తీరు తన గుండెను తాకిందనీ రాశాడు. డ్రిల్లు మాస్టారి బాగుంది కింద ఇంకో వాక్యం ఉంది: ఫ్యాను వేస్తే ఇంకా బాగుంటుంది.

మనవరాలు చీటీలన్నీ దొంతి పెట్టి నా ఒళ్ళో పడేసింది. వీళ్ళంతా నీ మనుషులు తాతయ్యా, నువ్వు బల్ల మీద కూర్చుని చూస్తుంటే బాగాలేదని ఎవడు రాస్తాడు అంది. నిజమే. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగినవాడు కూడా నీళ్ళు బాగున్నాయనే అంటాడు.

అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే, చెప్పకుండా ఉంటే హాయిగా ఉండేది.

"మనుషుల్ని అడక్కే పిచ్చిపిల్లా. వెనక నించి చూడు. మొహం మొహమాటపడుతుంది. మెడకు మొహమాటం లేదు."

యాభై రెండేళ్ళు నేను లోకాన్ని వెనక నుంచే చూశాను. వినేవాడి మెడ ఎలా ఉంటుందో, విసుగెత్తినవాడి మెడ ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు. విసుగు మొదట చెవి వెనక పుడుతుంది. అక్కణ్ణించి భుజంలోకి దిగుతుంది. ఆ తర్వాతే చెయ్యి లేచి జేబులు వెతుకుతుంది. మనవరాలికి ఇది బాగా నచ్చింది. పొడుగాటి కాగితం మీద నిమిషానికొక గడి గీసి ఇచ్చి, మెడ కదిలినప్పుడల్లా ఆ గడిలో ఒక గీత పెట్టమంది.

రెండో ఆటకు నన్నెరుగని మనుషులు కావాలని బస్సు డిపో చూసుకుంది. డ్రైవర్లు డ్యూటీ కోసం కాచుకునే గదిలో పాతికమంది దొరికారు. మా ఆవిడ కూడా బయల్దేరింది. అక్కడ కూడా ఈయన మొదలుపెడతారు, పట్టుకోవడానికి ఒకరుండాలి అంది. నేను అందరికీ వెనకాల, కాగితం, పెన్సిలు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ పక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

పదో నిమిషం దాకా నా కాగితం దాదాపు తెల్లగానే ఉంది. ఆవిరి లేచే తువ్వాలును చూసి ఒకాయన తన బుగ్గ తడుముకున్నాడు కూడా. పదకొండో నిమిషంలో తెర మీద నేను గొంతు సవరించుకుని సింహం దగ్గరికి వచ్చాను.

మొదట ముందు వరసలో ఒక చెవి వెనక విసుగు పుట్టింది. తర్వాత రెండు భుజాలు. నేను బోనులోకి వెళ్ళేసరికి నలుగురు కాళ్ళు మార్చుకున్నారు. సింహం తల దించేసరికి ఒకడు టోపీ విప్పి లోపల ఏముందో చూసుకున్నాడు. అద్దం చూపించేసరికి ఇద్దరు నీళ్ళకు లేచారు, మరొకడు తనకు లేని బస్సు కోసం కిటికీలోంచి చూశాడు. పరుపుల దగ్గర గీతలు పట్టక గడి అవతలికి పోయాను.

ఇరవై మూడో నిమిషంలో తెర మీదకు మా ఆవిడ వచ్చింది. కెమెరా నడుస్తోందని తెలియక, తడి తువ్వాళ్ళు దులుపుతూ, "ఇంకా అవ్వలేదా మీ తాతయ్య సింహం? ఇవి ఆరిపోయేలా ఉన్నాయి" అంది. పాతిక మెడలూ ఒక్కసారే ముందుకు వంగాయి. నవ్వారు. ఆవిడ తెర మీద ఉన్న రెండు నిమిషాలూ ఒక్క గీత పడలేదు. ఒకడు ఆవలించబోయి ఆపుకున్నాడు.

కాగితం ఇస్తావా తాతయ్యా అని మనవరాలు దూరం నుంచి చెయ్యి ఊపింది. తేటగా రాసి ఇస్తానన్నాను. బయట బల్ల మీద కూర్చుని కొత్త కాగితం మీద తేటగానే రాశాను. సింహం దగ్గరి గీతలు ముప్పై ఒకటి. అందులో పది వీధి మొదలయ్యే చోటికి తోలాను, పది సానరాయి దగ్గరికి, మిగిలినవి తువ్వాళ్ళ మీదకు. సింహానికి ఒక్కటి ఉంచాను, నమ్మకం కోసం. అబద్ధాలు ఆడటం నాకు వృత్తి గానీ, ఆ రోజు రాసింది అబద్ధం కాదు, దొంగతనం. ఆ తేడా చేస్తుండగానే తెలిసింది. అయినా చెయ్యి వణకలేదు.

మనవరాలు ఆ కాగితం ముందు పెట్టుకుని వారం రోజులు కత్తిరించింది. వీధి పోయింది, సానరాయి పోయింది, తువ్వాళ్ళు పోయాయి. సింహం ఒక్క వెంట్రుక రాలకుండా మిగిలింది. తీసుకెళ్ళి చూపిస్తే, అసలు సినిమా అక్కడ పడేసి మిగిలింది తెచ్చావేమిటి అందట మేడమ్.

నెలాఖరుకు అప్పటికి పదకొండు రోజులే ఉన్నాయి. అది నన్నొక్క మాట అనలేదు. లెక్క నీది తప్పు తాతయ్యా అని ఉంటే దెబ్బలాడేవాణ్ణి, నాకు అలవాటే. అది తన తప్పే అనుకుంది. సినిమా కత్తిరించే మెషీన్ మీద గుడ్డ కప్పేసి, "చూసేవాళ్ళ మనసు నాకు అందదు తాతయ్యా. నాన్న చెప్పినట్టు ఆ చీటీలే రాసుకుంటాను" అని వెళ్ళి పడుకుంది. పట్టపగలు పడుకునే పిల్ల కాదది.

నేను పెరట్లోకి వెళ్ళాను. మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేస్తోంది. తడివి ఒక్కొక్కటే అందిస్తూ, ఏమే, డిపోలో ఒక చిన్న పొరపాటు జరిగింది అని మొదలుపెట్టాను.

మీరు పెన్సిలు పట్టుకుని బిక్కమొహం వేసినప్పుడే అనుకున్నాను అంది. మీకు ఊరివాళ్ళ మెడలన్నీ తెలిస్తే, నాకు మీ మెడ ఒక్కటన్నా తెలియదా అంది.

నాకు పౌరుషం వచ్చింది. ఆ డ్రైవర్లకు ఏం తెలుసు, స్టీరింగు తప్ప. ఇన్నేళ్ళలో నా కుర్చీలో కూర్చున్నవాడు ఒక్కడు కథ మధ్యలో కదిలాడా. ఒక్కడు చాలన్నాడా. ప్రతివాడూ చివరిదాకా ఊఁ ఊఁ అన్నవాడే కదా అన్నాను.

ఆవిడ పళ్ళ మధ్య ఉన్న క్లిప్పు తీసి తీగకు పెట్టింది.

"గొంతు మీద కత్తి పెట్టి చెబితే ఎవరైనా ఊఁ అంటారండీ."

వెక్కిరింపుగా అనలేదు. ఎండ బాగా ఉంది అన్నట్టు అంది. తర్వాత ఇంకో తువ్వాలు కోసం చెయ్యి చాపింది. ఇవ్వడానికి నాకు కాస్త ఆలస్యమైంది. క్షవరమైతే గాని వివరం తెలియదంటారు. నేను లోకానికంతా క్షవరాలు చేశాను గానీ, వివరం నాకు ఆ తీగ కింద తెలిసింది.

లోపలికి వెళ్ళి మనవరాలి మంచం పక్కన స్టూలు లాక్కున్నాను. చొక్కా జేబులోంచి డిపోలో రాసిన మొదటి కాగితం తీసి దాని దిండు మీద పెట్టాను. అది లేచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. సింహం దగ్గర ఎన్ని అంది. ముప్పై ఒకటి అన్నాను. నానమ్మ దగ్గర ఎన్ని అంది. ఒక్కటీ లేదన్నాను.

"ఎందుకిలా చేశావు తాతయ్యా?"

"సింహం పోతే ఇక నేనేం మిగులుతానే అందులో?"

అది లేచి వెళ్ళి మెషీన్ మీద గుడ్డ తీసింది. నా స్టూలు తనే మోసుకొచ్చి తన కుర్చీ పక్కన వేసి, కూర్చో, ఎవడు ఎక్కడ కదిలాడో ఒక్కొక్కటీ చెప్పు అంది. ఆ సాయంత్రం దాకా ఇద్దరం కలిసి నన్ను కత్తిరించాం. నేను చూపించడం, అది నరకడం. పరుపులు పోయాయి. అద్దం పోయింది. బోను తలుపు కూడా పోయింది. తల కాస్త దించు నాయనా అన్న మాట దగ్గర మాత్రం అది ఆగి, ఇది ఉంచుదామా అంది. తీసేయమ్మా అన్నాను. అంత నిజాయితీ నాలో ఉందని నాకే తెలియదు, ఇప్పటికీ నమ్మకం లేదు.

వీధి, సానరాయి, తువ్వాళ్ళు తిరిగి వచ్చాయి. సినిమా పన్నెండు నిమిషాలైంది. చక్కగా ఉంది గానీ మధ్యలో పన్ను ఊడిన చోటులా ఒక ఖాళీ. ఈ ముసలాయన్ని ఎందుకు చూస్తున్నామో తెలియడం లేదంది. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మా అబ్బాయిని గెడ్డం గీయమని, కెమెరా బిగించింది. వేడి తువ్వాలు ఇవ్వడానికి వాళ్ళ నానమ్మ రాగానే, ఏమీ తెలియనట్టు, నానమ్మా, ఆ సింహం కథ నువ్వు చెప్పవూ అంది.

నాకేం వచ్చు, ఆయన్నే అడుగు అంది ఆవిడ. ఆయన నోరు తెరవలేడు కదా, నురగ ఉంది అంది మనవరాలు. ఆవిడ నా వైపు చూసింది. కత్తి అప్పుడే దవడ కిందికి దిగింది. ఆవిడకు ఇంతకన్నా మంచి అవకాశం ఈ జన్మలో రాదు.

"మా అమ్మ ఆ సర్కసు వాళ్ళకు వంట చేసేది. వేడినీళ్ళు మోసేది నేను. యజమానికి గెడ్డం గీయడానికి ఈయన వచ్చారు. వాళ్ళ సింహం ముసలిది. చెవి కింద జుట్టు ఉండకట్టి పుండు పడింది. ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. ఈయన ఊచల మధ్య నించి చెయ్యి పెట్టి కత్తిరించారు. గుప్పెడు జుట్టు, అంతే. చెయ్యి గజగజ వణికిపోతోంది, అయినా వెనక్కి తీసుకోలేదు. అది కళ్ళు కూడా తెరవలేదు. అయ్యాక వెనక్కి అడుగేసి నా తపేలా తన్నేశారు. కాలంతా కాలింది. గంటసేపు చన్నీళ్ళు పోశాను. ఆ గంటా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు."

అంది గానీ అక్కడ ఆపలేదు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టింది.

"అప్పట్నించీ చెబుతున్నారు ఈ కథ. అందులో సింహం ఉంది, దువ్వబోయిన ఆరుగురున్నారు, పరుపులు కూడా ఉన్నాయి. నీళ్ళు తెచ్చినదాన్ని మాత్రం ఎక్కడా పెట్టలేదు."

మా అబ్బాయి చెయ్యి ఆగింది. కత్తి నా గొంతు మీదే ఉంది. చెప్పాల్సిన మాటలు నాకు చాలా వచ్చాయి, ఆ పరిస్థితిలో అనగలిగింది ఒక్కటే.

"ఊఁ" అన్నాను.

మూడో ఆట ఎక్కడ వేయాలా అని వెతుకుతుంటే, కంటి డాక్టరు గారి హాల్లో పొద్దున్నే ముప్పైమంది ఉంటారు, నేను అడిగి పెడతానన్నాడు మా అబ్బాయి. సాయం చేయడం వాడికిష్టమే, ఆలోచించడమే బద్ధకం. వెళ్ళి బొమ్మ వేశాక తెలిసింది, అక్కడున్నవాళ్ళందరికీ అప్పుడే కళ్ళల్లో చుక్కలు వేశారు. తెర మీద మసక తప్ప ఎవరికీ ఏమీ కనిపించదు. మనవరాలు తల పట్టుకుంది. ఆపేద్దామంటే, వినిపిస్తోంది కానీయండి అన్నారు వాళ్ళే. చూడలేనివాళ్ళు కనక చెవులు పెట్టి విన్నారు. సానరాయి చప్పుడు పళ్ళు జివ్వుమనేలా ఉందన్నారు, మనవరాలు తగ్గించింది. వీధిలో బండి హారను రెండుసార్లు వస్తోందన్నారు, ఒకటి తీసేసింది. అన్నిటికన్నా చివర్లో ఒక పెద్దావిడ కళ్ళకు దూది అడ్డం పెట్టుకుని, అన్నీ చెప్పారు గానీ, ఆ అబ్బాయి కాలు తగ్గిందా లేదా చెప్పలేదేం అని అడిగింది.

మా ఆవిడ ఆమె పక్కకు జరిగి, తగ్గిందండీ, మచ్చ మాత్రం ఉండిపోయింది అంది.

ఇంటికొచ్చి మనవరాలు నా పంచె మోకాలి దాకా ఎత్తించి ఆ మచ్చను నాలుగు సెకన్లు తీసింది. నురగలోంచి నేను ఊఁ అన్న తర్వాత పెట్టింది దాన్ని. మొత్తం పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు. నెలాఖరుకు ఒక రోజు ముందే తీసుకెళ్ళి ఇచ్చింది.

మర్నాడు మేడమ్ నుంచి కబురొచ్చింది. సినిమా తీసుకున్నారు, పెద్ద హాల్లో అందరికీ వేస్తారట. మనవరాలు ఆ మాట చెప్పి ఏడ్చింది, ఏడుస్తూ అన్నం రెండోసారి పెట్టించుకుంది. మా అబ్బాయి కత్తి తుడిచి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, మా అమ్మాయికి వేరే పనుందండీ అని చెప్పి వచ్చాడు. నడక చూస్తే సింహాన్ని తనే మచ్చిక చేసినట్టుంది.

పెద్ద హాల్లో రెండు వందల మంది. నన్ను వెనకాల నిలబడనివ్వలేదు, ముందు వరసలో మా ఆవిడ పక్కన కూర్చోబెట్టారు. ఎవరి మెడ ఎలా ఉందో నాకు తెలియదు. నవ్వుల చప్పుడు మాత్రం వినిపించింది. నీళ్ళు తెచ్చినదాన్ని ఎక్కడా పెట్టలేదు అన్నచోట హాలంతా ఎలా నిశ్శబ్దమైందో కూడా వినిపించింది. నేను పక్కకు చూశాను. ఆవిడ చూడలేదు, తెర కేసే చూస్తోంది. చెయ్యి మాత్రం నా మోచేతి కిందకు వచ్చింది.

ఆఖర్న నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. కథ చెప్పినవారు: మా నానమ్మ. ఊకొట్టినవారు: మా తాతయ్య.

జనం చప్పట్లు కొడుతున్నారు. మనవరాలు పరుగున వచ్చి మా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పు నానమ్మా, ఎలా ఉంది, ఏమన్నా మార్చాలా అంది. మా ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, నిదానంగా.

"అంతా సరిపోయిందమ్మా. నాది చదువుకున్నాను. ఈయనది సగంలో ఉండగానే తీసేశావు."

అందుకని ఇప్పుడా సినిమా పద్నాలుగు నిమిషాల నలభై మూడు సెకన్లు.